క్లయింటు డబ్బులోంచి నా ఈఎంఐ కట్ అయింది. లాయర్లు ఈ లెక్కలు ఎలా రాసుకోవాలి?

చంపావతి (విజయనగరం) అడిగిన ప్రశ్న:

నమస్కారమండీ. విజయనగరం కోర్టుల్లో నాలుగేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మూడేళ్లు సీనియర్ గారి ఆఫీసులో ఉండి, పోయిన శ్రావణంలో సొంతంగా ఒక గది అద్దెకి తీసుకున్నాను. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక ఇనుప బీరువా. గుమాస్తాని పెట్టుకునే స్తోమత ఇంకా రాలేదు. స్టాంపులు కొనడం, కాపీ అప్లికేషన్లు పెట్టడం, ఫీజు తీసుకోవడం అన్నీ నా చేతి మీదే నడుస్తాయి.

సంగతి ఇది. గజపతినగరం అవతల ఒక పల్లెటూరి మామ్మగారు నా క్లయింటు. భర్త పోయారు, పిల్లల్లేరు. మరిది కొడుకులు ఉమ్మడి పొలం అమ్ముకుంటూ ఈవిడ వాటా ఊసే ఎత్తలేదు. పార్టిషన్ సూటు, అంటే ఆస్తి పంపకాల దావా వేశాం. సీనియర్ గారి దగ్గర ఉన్నప్పటి నుంచీ ఆ ఫైలు నేనే చూసేదాన్ని, బయటికి వచ్చాక ఆయన అనుమతితో నా దగ్గరికే వచ్చింది. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. 3,60,000 ఇస్తామన్నారు.

తీరా చూస్తే మామ్మగారి బ్యాంకు ఖాతా పనిచేయడం లేదు. రెండేళ్లకు పైగా అందులో లావాదేవీలు లేవట, మళ్లీ కేవైసీ కాగితాలు ఇవ్వాలన్నారు. అవతలివాళ్లేమో డబ్బు ఇవాళే పంపేస్తామని కూర్చున్నారు. వారం ఆగమంటే మనసు మార్చుకుంటారేమోనని నాకు భయం. మామ్మగారు నా చెయ్యి పట్టుకుని, "నీ కాతాలో ఎయ్యించుకోమ్మా, నువ్వు నా బిడ్డ నాంటిదానివి" అన్నారు. సరేనన్నాను. నా సేవింగ్స్ ఖాతాలో పడ్డాయి.

ఆవిడ ఖాతా బాగుపడడానికి పదిహేడు రోజులు పట్టింది. డబ్బు పంపే ముందు పాస్‌బుక్ ప్రింటు వేయించుకుందామని బ్యాంకుకి వెళ్లాను. మెషీన్ పేజీ అచ్చేసి బయటికి తోసింది. అక్కడే నిలబడి చదువుతుంటే 5వ తేదీ లైను కనబడింది. నా స్కూటీ ఈఎంఐ 4,870 కట్ అయింది. ఆ రోజుకి ఆ ఖాతాలో నా సొంత డబ్బు 2,310 మాత్రమే. అంటే మామ్మగారి డబ్బులోంచి 2,560 నా స్కూటీకి పోయింది. నిల్వ 3,57,440 అని ఉంది. ఆ అంకె ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఆ సాయంత్రం అమ్మని అడిగి 3,000 తీసుకుని మర్నాడు ఖాతాలో వేసి, పూర్తి 3,60,000 ఆవిడకి పంపేశాను. ఒక్క రూపాయి తగ్గలేదు. ఎవరికీ తెలియదు కూడా. కానీ ఇంటికొచ్చి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 316, నమ్మి అప్పగించిన సొమ్ము వాడుకోవడం మీద ఉన్న సెక్షన్ తీసి చదివితే, అయిదో ఉపసెక్షన్‌లో బ్యాంకరు, వర్తకుడు, ఏజెంటు వరసలో అటార్నీ (లాయరు) అనే మాట కూడా ఉంది. నాకు దురుద్దేశం లేదని నాకు తెలుసు. కానీ అది నా మనసుకి తెలుసు తప్ప ఏ కాగితం మీదా లేదు.

మా నాన్నగారు పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేశారు. సాయంత్రం డబ్బు లెక్కపెట్టి, అర్ధరూపాయి తేడా వస్తే అది తేలేదాకా అన్నానికి లేచేవారు కాదు. పదో పరకో తక్కువైతే తన జేబులోంచి వేసి సరిపెట్టేయొచ్చు కదా అని ఒకసారి అడిగాను. "అప్పుడు తేడా పోదమ్మా, కనబడకుండా పోతుంది" అన్నారు. నేను చేసింది సరిగ్గా అదే.

ఇప్పుడు నా దగ్గర మరో ఐదుగురు క్లయింట్ల డబ్బు మొత్తం 41,300 ఉంది. కోర్టు ఫీజుకి కొందరిచ్చారు, అడ్వొకేట్ కమిషనర్ (కోర్టు తన తరఫున చూసి రమ్మని నియమించే లాయరు) ఫీజుకి ఒకరిచ్చారు, నకళ్లకి ఒకరు. ఎవరిది ఎంతో డైరీలో పెన్సిల్‌తో రాసుకున్నాను. కొంత బీరువాలో, కొంత అదే సేవింగ్స్ ఖాతాలో ఉంది.

మీలో ఆడిటర్లు, పెద్ద లాయర్లు ఉన్నారని అడుగుతున్నాను. ఈ లెక్కలు ఎలా రాయాలి? లాయర్ల దగ్గరుండే క్లయింటు డబ్బుకి మన దేశంలో ఆడిట్ లాంటిది ఏమైనా ఉందా? లేకపోయినా నాకై నేను చేయించుకోవచ్చా? ఇంకొకటి. మామ్మగారికి ఈ విషయం చెప్పాలా?


వేగావతి (బొబ్బిలి) జవాబు:

అమ్మా, ముప్ఫై ఏళ్లుగా బార్‌లో ఉన్నాను. నీ వయసులో ఇంత బాధ్యత ఉండడం చూసి సంతోషంగా ఉంది. కానీ మరీ ఇంత టెన్షన్ పెట్టుకోకు. పోయిన డబ్బు నువ్వే పసిగట్టావు, మర్నాడే వేశావు, ఆవిడకి పూర్తిగా చేరింది. ఆవిడకి నష్టం ఏముంది? వేరే ఖాతా తెరుచుకో, అది మంచి పని. ఆడిటర్ల దాకా వెళ్లేంత డబ్బు మన జిల్లా ప్రాక్టీసులో ఎవరి చేతిలోనూ ఉండదు. మామ్మగారికి చెప్పడం మాత్రం నాకు నచ్చలేదు. ఆవిడకి ఈఎంఐ అంటే ఏమిటో తెలియదు. లాయరమ్మ నా డబ్బు వాడుకుందట అని ఊళ్లో ఒక్కరితో అంటే చాలు, కొత్తగా గది తీసుకున్న ఆడపిల్లవి, నీ ప్రాక్టీసు దెబ్బతింటుంది. నీ మేలు కోరి చెప్తున్నాను.


నాగావళి ఆడిటర్ (శ్రీకాకుళం) జవాబు:

వేగావతి గారు నాకంటే పెద్దవారు, చివరి మాట మీద మాత్రం వారితో విభేదిస్తాను. నేను చార్టర్డ్ అకౌంటెంటుని, శ్రీకాకుళంలో పాతికేళ్లు దాటింది ప్రాక్టీసు పెట్టి.

అమ్మా, ముందు మీ రూల్సే చూద్దాం. మీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో క్లయింటు పట్ల లాయరు బాధ్యతలు చెప్పే భాగంలో 25 నుంచి 32 దాకా డబ్బు గురించే. 25: క్లయింటు డబ్బుకి లెక్క ఉండాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఫీజు కింద ఎంత పట్టుకున్నారు, తేదీలతో సహా. 26: వచ్చిన డబ్బు ఫీజుకా, ఖర్చులకా అన్నది పద్దులోనే రాయాలి. కేసు నడుస్తుండగా ఖర్చుల డబ్బుని ఫీజు కింద మళ్లించాలంటే క్లయింటు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. 27: క్లయింటు తరఫున డబ్బు అందితే వీలైనంత త్వరగా ఆయనకి తెలియజేయాలి. 30: క్లయింటు అడిగితే లెక్క నకలు ఇవ్వాలి. ఇక 31. చేతిలో ఉన్న క్లయింటు సొమ్ముని అప్పుగా మార్చే ఏర్పాటు చేసుకోకూడదు. మీరు ఏర్పాటేమీ చేసుకోలేదు, నిజమే. కానీ ఆ 2,560 మీకు తెలియకుండానే మామ్మగారి దగ్గర మీరు చేసిన అప్పయింది. పెన్సిల్ డైరీ ఈ రూల్స్ దేనికీ సరిపోదు. తేడా వస్తే మాట అడ్వొకేట్స్ యాక్ట్ సెక్షన్ 35 దాకా వెళ్తుంది, శిక్ష మందలింపు నుంచి లాయర్ల జాబితాలో పేరు తీసేయడం దాకా.

మీ నియమాల్లో వేరే బ్యాంకు ఖాతా తెరవమన్న మాట లేదు, ఏటేటా ఆడిట్ చేయించమన్న మాట లేదు. మా వృత్తికి వేరే ఖాతా నియమం ఉంది. చార్టర్డ్ అకౌంటెంట్స్ యాక్ట్, 1949 రెండో షెడ్యూల్, మొదటి భాగం, 10వ క్లాజు. ఫీజు కానిది, ఖర్చులకని ఇవ్వనిది ఏ క్లయింటు డబ్బైనా వేరే బ్యాంకు ఖాతాలో ఉంచకపోతే దుష్ప్రవర్తన. ఇచ్చిన పనికి సకాలంలో వాడకపోయినా దుష్ప్రవర్తనే. ఆ క్లాజు నాకు పరీక్ష కోసం చదివిన రోజు అర్థం కాలేదు.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో పలాస నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి సెప్టెంబరు అడ్వాన్స్ టాక్స్ కట్టమని 18,000 నగదు ఇచ్చారు. అప్పట్లో చలానా పట్టుకుని బ్యాంకు క్యూలో నిలబడాలి. డబ్బు నా బల్ల సొరుగులో పెట్టాను. ఆ వారమే మా పాపకి జ్వరం ఎక్కువైతే రాత్రి ఆసుపత్రిలో చేర్చాం. చేతికి అందిన డబ్బు అదే, అందులోంచి 4,000 తీశాను. రేపు పెట్టేద్దాం అనుకున్నాను. ఆ రేపు అయిదు రోజుల తర్వాత వచ్చింది. ఈలోగా పన్ను గడువు 15వ తేదీ దాటిపోయింది. ఆలస్యానికి పడ్డ వడ్డీ నేనే కట్టాను. పలాస వెళ్లి ఆయనకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఒక్క మాటా అనలేదు, టీ ఇప్పించారు. మరుసటి ఏడాది ఫైలు తీసుకెళ్లిపోయారు. అందుకని చెప్తే అంతా బాగుంటుందని నేను మీకు హామీ ఇవ్వలేను. కానీ ఆ ఫైలు పోయినందుకు నాకు బాధ లేదు. ఆ అయిదు రోజులు సొరుగు తీసిన ప్రతిసారీ ఎలా ఉండేదో అదే ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. అన్నిటికంటే ముందు ప్రయత్నం, డబ్బు మీ చేతికి రాకుండా చూడడం. మామ్మగారి విషయంలో రాజీ రోజునే అవతలివాళ్ల చేత ఆవిడ పేరున డిమాండ్ డ్రాఫ్టు తీయించి, ఖాతా బాగయ్యాక వేయించి ఉండొచ్చు. డీడీ మూడు నెలలు చెల్లుతుంది. తర్వాతి కేసుకి గుర్తుపెట్టుకోండి.

తప్పనిసరై మీ దగ్గరికే వస్తే దానికి వేరే ఖాతా ఉండాలి. మీ సేవింగ్స్ ఉన్న బ్యాంకులో వద్దు, ఇంకో బ్యాంకులో కరెంట్ ఖాతా తెరవండి. దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోన్‌లో యూపీఐకి కలపకండి, ఏ ఆటో డెబిట్‌కీ ఆ నంబరు ఇవ్వకండి. మేనేజరు గారు ఎవరెవరి డబ్బు వస్తుందని అడుగుతారు, విసుక్కోవద్దు. వృత్తిదారులు క్లయింట్ల డబ్బు కలిపి ఉంచే ఖాతాల మీద రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధన ఉంది. అసలు యజమానుల వివరాలు చెప్పలేనంత గోప్యతకి కట్టుబడినవాళ్లకి అలాంటి ఖాతా తెరవకూడదు. కాబట్టి క్లయింటు దగ్గర ముందే ఒక కాగితం మీద ఒప్పుకోలు తీసుకోండి, బ్యాంకు అడిగితే పేరు చెప్పడానికి.

తర్వాత రెండు పుస్తకాలు. మన తాతల మాటల్లోనే చెప్తాను, చిట్టా, ఆవర్జా. చిట్టాలో ఏ రోజుకారోజు జమ, ఖర్చు, నిల్వ. ఆవర్జాలో ఒక్కో క్లయింటుకి ఒక్కో పేజీ. ఒకే క్లయింటుకి రెండు కేసులుంటే రెండు పేజీలు. వచ్చిన ప్రతి పైసాకీ నంబరున్న రశీదు, రెండో కాపీ మీ దగ్గర. ఫీజుగా వచ్చింది ఈ పుస్తకాల్లోకి రాదు, అది మీ సొంత ఖాతాకి పోతుంది. ఒకాయన ఫీజు, ఖర్చులు కలిపి ఒకే మొత్తం ఇస్తే? మొత్తం ఈ ఖాతాలోనే వేసి, ఫీజు భాగాన్ని పద్దు రాసి బయటికి తీసుకోండి.

మీ 41,300నే లెక్కగా వేసి చూపిస్తాను, విడి అంకెలు నేను ఊహించుకున్నవి. ఐదు పేజీల్లో 12,000, 8,500, 15,000, 3,800, 2,000. ఆరో పేజీకి "నా సొంతం" అని పేరు పెట్టి అందులో మీ డబ్బు 1,000 ఉంచండి. బ్యాంకు ఛార్జీలు ఏవి పడినా ఆ పేజీలోనే పడాలి, క్లయింటు పేజీలో కాదు. మొత్తం 42,300. చిట్టా చివరి నిల్వ కూడా 42,300 రావాలి. బ్యాంకు స్టేట్‌మెంటులో 45,300 ఉందనుకోండి. ఎందుకని వెతికితే, కమిషనర్ గారికి మీరిచ్చిన 3,000 చెక్కు ఆయన ఇంకా బ్యాంకులో వేయలేదని తేలుతుంది. అది తీసేస్తే 42,300. మూడూ కలిశాయి. నెలాఖరున ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, స్టేట్‌మెంటుకి పిన్ను కొట్టి ఫైలు చేయండి. అరగంట పని.

ఒక నెల కలవకపోతే కలిసేదాకా వెతకాలి, ఇంటి డబ్బు వేసి కలపకూడదు. మీ నాన్నగారు చెప్పిన మాట నేను మా దగ్గర సీఏ శిక్షణలో ఉన్న పిల్లలకి ఈ ఉదయమే చదివి వినిపించాను.

2,560 సంగతి కూడా ఇప్పుడే రాసేయండి. మామ్మగారి పేరున పేజీ తెరిచి, 3,60,000 జమ, 5వ తేదీన 2,560 పొరపాటున ఖర్చు, మీరు తిరిగి వేసిన తేదీన 2,560 జమ, 3,60,000 చెల్లింపు. దాచిన తప్పుకీ రాసిన తప్పుకీ ఆడిటరు కంటికి చాలా తేడా ఉంటుంది. ఇంకో ఉపయోగం కూడా ఉంది. రేపు ఆదాయపు పన్ను వాళ్లు ఈ 3,60,000 మీ ఆదాయం కాదా అని అడిగితే లోక్ అదాలత్ అవార్డు, ఈ పేజీ పక్కపక్కన పెడితే చాలు.

అన్నట్టు, లోక్ అదాలత్‌లో తేలిన కేసుకి కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది కదా. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్, 1987లో సెక్షన్ 21. మీరు దాని ఊసే ఎత్తలేదు. అది ఎవరి పద్దులో ఉంది?

నగదు విషయం ఒక్క మాట. ఒకే వ్యవహారానికి ఒకరి దగ్గర 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు, విడతలుగా తీసుకున్నా సరే. తీసుకున్నంతా జరిమానాగా పోతుంది.

ఆడిట్ అడిగారు. చట్టం బలవంతం చేయకపోయినా మీరు చేయించుకోవచ్చు. అది మామూలు ఆడిట్ కాదు, ముందే ఒప్పుకున్న పరీక్షలు మాత్రమే చేసి, కనబడింది కనబడినట్టు రాసి ఇచ్చే పని. మా ఇన్‌స్టిట్యూట్‌లో దీనికి ఎస్‌ఆర్‌ఎస్ 4400 అని ప్రమాణం ఉంది. ఏ పరీక్షలన్నది మీరూ ఆడిటరూ కూర్చుని రాసుకుంటారు. రిపోర్టు మీద యూడీఐఎన్, అంటే సీఏ సంతకం చేసిన కాగితానికి ఉండే గుర్తింపు నంబరు, ఉందో లేదో చూసుకోండి.


వంశధార తమ్ముడు (నరసన్నపేట, ప్రస్తుతం విశాఖ) జవాబు:

అక్కా, ఆరేళ్లుగా నేను చేసేది ఈ పనే, కాకపోతే ఆస్ట్రేలియా లాయర్లకి. విశాఖలో ఒక ఆఫీసులో కూర్చుని అక్కడి లా ఫర్మ్‌ల ట్రస్టు ఖాతాల లెక్కలు సరిచూస్తాం. ట్రస్టు అంటే గుడి ట్రస్టు కాదు, నమ్మి అప్పగించిన డబ్బు. అక్కడ లాయర్లే కాదు, ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్లకి, రిజిస్ట్రేషన్ కాగితాలు చూసే కన్వేయన్సర్లకి కూడా ఇలాంటి ఖాతాలుంటాయి.

న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల్లో 2015 జులై నుంచి ఒకే ఉమ్మడి చట్టం, 2022లో వెస్టర్న్ ఆస్ట్రేలియా కూడా చేరింది. సర్ చెప్పిన ఆ నెలాఖరు కాగితం అక్కడ ఇష్టాయిష్టం కాదు. నెల ముగిసిన 15 పనిదినాల్లోపు తయారుచేసి పెట్టుకోవాలి. ట్రస్టు లెక్కల ఏడాది మార్చి 31తో ముగుస్తుంది, ఆ పైన బయటి ఎగ్జామినర్ వచ్చి చూస్తారు. అందుకే ఏప్రిల్, మే మాకు పండగా పబ్బం ఉండదు. లాయరు బిల్లు ఇచ్చిన వెంటనే ఆ ఖాతాలోంచి ఫీజు తీసుకోవడానికి కూడా లేదు. మామూలుగా క్లయింటు అభ్యంతరం చెప్పడానికి ఏడు పనిదినాలు ఆగాలి. ఇంగ్లండులో అయితే కనీసం అయిదు వారాలకోసారి కలపాలి.

సర్ చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను, ఎందుకంటే నేను దాని మీదే ఒకసారి దెబ్బ తిన్నాను. చేరిన మొదటి ఏడాది. ఒక ఫర్మ్ లెక్కల్లో మూడు అంకెలూ సెంటుతో సహా కలిశాయి. సంబరంగా టిక్ పెట్టి పంపేశాను. మా టీమ్ లీడ్ మేడమ్ ఫైలు వెనక్కి తెచ్చి, "పేజీలన్నీ విడివిడిగా చూశావా?" అని అడిగారు. చూడలేదు. నూట డెబ్బై పేజీల్లో ఒక పేజీ మైనస్ 1,450లో ఉంది. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు క్లయింట్లుంటే, ఒకరి చెల్లింపు ఇంకొకరి పేజీలో ఎక్కింది. మొత్తం కూడితే ఏమీ తెలియదు, ఎందుకంటే ఆ మైనస్‌ని మిగతా నూట అరవై తొమ్మిది మంది డబ్బు మోస్తోంది. ఆస్ట్రేలియాలో ఆ మైనస్‌ని అక్రమం కిందే లెక్కిస్తారు, చిన్నదని వదలరు.

నీ ఐదు పేజీలే అయినా ఇది గుర్తుపెట్టుకో అక్కా. 15,000 ఇచ్చినాయన పేజీలో 16,200 ఖర్చు రాస్తే, ఆ 1,200 ఆయనది కాదు, ఆ ఖాతాలో ఉన్న మిగతావాళ్లది. నెలాఖరున మొత్తం కలిపే ముందు ప్రతి పేజీ కింది అంకె మీద వేలు పెట్టి, మైనస్ లేదని చూసుకుంటూ వెళ్లు. ఎక్సెల్‌లో చేస్తే ఇంకా సులువు, మైనస్ వస్తే గడి ఎర్రబడేలా పెట్టుకోవచ్చు. ఒక షీటు చేసి పంపనా?

నీ స్కూటీ ఈఎంఐ కూడా అలాంటిదే. ఖాతాలో డబ్బు ఉంది కాబట్టి బ్యాంకు కట్ చేసింది. అది ఎవరి డబ్బో బ్యాంకుకి తెలిసే దారి లేదు.


వేగావతి (బొబ్బిలి):

ఆడిటర్ గారు ఆ 26వ రూల్ ఎత్తాక నా ఫైళ్లు నాలుగు తీసి చూశాను. ఖర్చులకని తీసుకున్నది ఫీజులో కలిపేసుకున్నవి రెండు ఉన్నాయి. క్లయింట్లకి నోటిమాటగా చెప్పాను, వాళ్లు తలూపారు, రాత లేదు. ఇవాళ ఫోన్ చేసి ఇద్దరినీ రమ్మన్నాను. తమ్ముడూ, ఆ షీటు నాకూ పంపించు.


చంపావతి (విజయనగరం):

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, కొన్ని పనులు అయ్యాక చెబుదామని.

ఖాతా తెరిచాను. మేనేజరు గారు నాగావళి గారు చెప్పినట్టే అడిగారు. ఒప్పుకోలు కాగితాలు చూపించాక నా పేరునే కరెంట్ ఖాతా ఇచ్చారు, కార్డు వద్దని రాసిచ్చాను. బీరువాలో ఉన్నది, సేవింగ్స్‌లో ఉన్నది అంతా అందులోకి మార్చాను. పెన్సిల్ డైరీలోంచి ఆవర్జాలోకి ఎక్కిస్తే 41,300, ఉన్న డబ్బు లెక్కపెడితే 40,700 వచ్చింది. ఒక రాత్రంతా వెతికాను. ఒక నకలు అప్లికేషన్‌కి 600 కట్టి డైరీలో కొట్టేయలేదు, రశీదు వేరే ఫైల్లో దొరికింది. నా సొంతం 1,000తో కలిపి ఇప్పుడు మూడు చోట్లా 41,700 ఉంది. పేజీలు ఒక్కొక్కటీ చూశాను తమ్ముడూ, మైనస్‌లు లేవు.

మామ్మగారి దగ్గరికి ఆదివారం వెళ్లాను. ఆవిడ పేజీని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి తీసుకెళ్లాను. దారంతా బస్సులో మాటలు వెతుక్కుంటూనే ఉన్నాను. ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. నా పక్కన కూర్చుని కాగితం మొత్తం చదవమన్నారు. 2,560 దగ్గరికి వచ్చి ఆగిపోయాను. బండి వాయిదా డబ్బు మీ డబ్బులోంచి పోయింది మామ్మా, నేను చూసుకోలేదు, మళ్లీ వేశాను అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. చేతిలో గింజలు పక్కన పోసి, "ఎన్ని దినాలు?" అని అడిగారు. లెక్కపెట్టి చెప్పాను. తల ఆడించి, "మరి నేను స్టాంపులకిచ్చిన డబ్బులేటయ్యాయి? దీన్లో సదవలేదు" అన్నారు. నాగావళి గారూ, మీరు అడిగిన ప్రశ్నే. కోర్టు ఫీజు కోసం ఆవిడ చెవి కమ్మలు అమ్మారట, అది నాకు అప్పుడే తెలిసింది. వాపసు సంగతి చెప్పాను. ఎంత వస్తుందో రాసిమ్మన్నారు. అదే కాగితం కింద రాసి సంతకం పెట్టాను. ఆవిడ దాన్ని పొలం పాస్‌బుక్‌లో పెట్టి సంచీ ముడి వేసుకున్నారు.

కోపం వచ్చిందనో రాలేదనో ఆవిడ అనలేదు. బస్సు ఎక్కేటప్పుడు చింతపండు పొట్లం చేతిలో పెట్టారు. తీసుకున్నాను, కాగితం మీద రాయలేదు, అది రాయాల్సిందేనా అని నాగావళి గారిని అడగాలనుంది.

కోర్టు ఫీజు వాపసుకి సోమవారం దరఖాస్తు పెట్టాను. ఆ పేజీ తెరిచి ఉంచాను, నిల్వ సున్నా. నెలాఖరు కాగితం మొదటిసారి చేసినప్పుడు శ్రీకాకుళం వచ్చి మీకు చూపించొచ్చా సర్? ఫీజు ఎంతో చెప్పండి.


నాగావళి ఆడిటర్ (శ్రీకాకుళం):

చింతపండు రాయక్కర్లేదమ్మా, వండుకోండి.

తప్పకుండా రండి. రెండు పుస్తకాలు, రశీదు పుస్తకం, ఒప్పుకోలు కాగితాలు తీసుకురండి. బ్యాంకు స్టేట్‌మెంటు ఫోన్‌లో ఫోటో వద్దు, బ్యాంకు ముద్రతో ప్రింటు తీయించండి. ఆ 600 రశీదు కూడా మర్చిపోవద్దు, ముందు అదే చూస్తాను.